లింగంపల్లి కైఫీయత్తు

రాయదుర్గము నేలకు వెల తెలిసినది. రైలుకట్ట పక్క పల్లెల చరిత్రను వ్రాయవలసినవారెవరు?

తూరుపు ఇంకను తెల్లవారక మునుపే, కోస్తా జిల్లాలనుండి రాత్రియంతయు పరుగెత్తి వచ్చిన రైలుబండి లింగంపల్లి స్టేషనులో నిలిచినంతనే, బియ్యపు మూటలతో, ఆవకాయ జాడీలతో, భుజములమీద నిద్రవీడని పసిబిడ్డలతో జనము ఒక్కమారుగా ప్లాట్‌ఫారముమీదికి దిగుదురు. పక్క ప్లాట్‌ఫారముమీద, మెడలో గుర్తింపుకార్డును, వీపున లాప్‌టాప్ సంచిని తగిలించుకొన్న యువతీయువకులు హైటెక్ సిటీ వైపు పోవు ఎం.ఎం.టి.ఎస్. బండికై నిలిచియుందురు. స్టేషను వెలుపల, రోడ్డు మలుపున, తాపీలు, గమేళాలు, సద్దిమూటలు చేతబట్టుకొన్న పాలమూరు కూలీలు అడ్డామీద గుమిగూడి, ఆనాటి పనికి పిలుచు మేస్త్రీ రాకకై ఎదురుచూచుచుందురు. ఈ మూడు గుంపులకును ఒండొరులతో పరిచయము లేదు. అయినను వారు నిలిచియున్న నేల ఒక్కటే, ఆ నేలకు బయటి ప్రపంచముతో తొలి సంబంధమును కల్పించినది నూటయేబది సంవత్సరములనాటి ఇనుపదారి ఒక్కటే.

ఈ ప్రాంతమును గూర్చి నేడు జనము మాటాడుకొనుచున్నది మాత్రము భూమి వెలను గూర్చియే. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరము 100.75 కోట్ల రూపాయలకు వేలములో పోయినప్పుడు నగరమంతయు నివ్వెరపడినది. 2025 అక్టోబరులో రాయదుర్గములో ఎకరము 177 కోట్లు పలికినప్పుడు ఆ ఆశ్చర్యము సైతము పాతబడినది. చాయ్ దుకాణము మొదలు శాసనసభ వరకు ఇదే ముచ్చట. కాని ఆ ఎకరములో నిన్నటివరకు ఎవరు జొన్న విత్తిరో, ఏ చెరువు నీరు పారెనో, ఎవరి మేకలు మేసెనో, అచ్చటికి తొలుత వలసవచ్చి కాపురము పెట్టినవారెవరో అడిగినవారు లేరు. ఇరవై ఐదేండ్ల క్రిందట ఈ నేల అంతయు రాళ్ళును రప్పలునేయనియు, సైబర్ టవర్స్‌తోనే ఇచ్చట చరిత్ర మొదలైనదనియు చదువుకొన్నవారు సైతము నమ్ముచున్నారు. ఆ నమ్మకము తప్పని చూపుటకే ఈ కథనము.

ఇనుపదారికి మునుపు

దక్కను పీఠభూమిలో ఈ భాగము రాతినేల. ఏనుగుల గుంపు పడుకొన్నట్లు కనబడు నల్లరాతి గుట్టలు, వాని నడుమ పశువులు మేయు కంచలు, వానకు మాత్రమే పండు చెలకలు, చెరువు క్రింద కొద్దిపాటి తరి, గట్లమీద తాళ్ళు, ఈదులు, గుట్టలవాలున సీతాఫలపు పొదలు: ఇదియే నాటి స్వరూపము. నీటికి చెరువులే ఆధారము. మాదాపూరు పక్కనున్న దుర్గము చెరువు కుతుబుషాహీల కాలమున గోలకొండ కోటకు నీరందించిన చెరువు. లింగంపల్లి గోపిచెరువు, నల్లగండ్ల చెరువు, చందానగరు గంగారం చెరువు, రాయదుర్గము మల్కం చెరువు, వీని చుట్టును పల్లెలు నిలిచినవి. నడిబొడ్డున బొడ్రాయి, ఊరివెలుపల పోచమ్మ గుడి, పీరులు నిలుపు అషూర్ఖానా, పన్ను వసూలుకు మాలీ పటేలు, లెక్కలకు పట్వారీ, తూముకాడ నీరడి ఉండిరి. దక్కను పల్లెకుండవలసిన అంగములన్నియు వీనికి కలవు.

భూమి చాలమట్టుకు ఏలికలదియో, జాగీర్దారులదియో. హఫీజుపేట, మియాపూరు వంటి గ్రామములు పాయిగా నవాబు ఖుర్షీద్ జా కుటుంబపు ఆస్తులలోనివి. దున్నువాడు దున్నుచుండెను, పండినదానిలో పాలు దేవిడీకి పోవుచుండెను. ప్రయాణమన్నచో కాలినడక, ఎడ్లబండి, కలిగినవారికి మేనా. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగా పోయి మరలి యిల్లు చేరుటకు పదునైదు నెలలు పట్టెను. అట్టి కాలమున లింగంపల్లి రైతునకు ప్రపంచమనగా గోలకొండ కోట మొదలు పటాన్‌చెరు అంగడి వరకే.

దండుకొరకు వచ్చిన రైలు

ఈ పల్లెల మేలుకోరి ఎవరును రైలు వేయలేదు. బొంబాయినుండి రాయచూరు మీదుగా మద్రాసు పోవు ప్రధానమార్గము 1871 నాటికి పూర్తికాగా, ఆ మార్గమును సికింద్రాబాదులోని ఆంగ్లేయ సైనికస్థావరముతో కలుపుట భారతప్రభుత్వమునకు అత్యవసరముగా తోచెను. అప్పటికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పసివాడు. 1869లో గద్దెనెక్కునాటికి ఆయనకు మూడేండ్లైనను నిండలేదు. రాజ్యభారమును మోయుచున్న దివాను మొదటి సాలారుజంగు 1870లో ఒడంబడిక కుదుర్చుకొనగా, వాడి జంక్షనునుండి తాండూరు, వికారాబాదు, శంకరుపల్లి, లింగంపల్లి, బేగంపేట మీదుగా సికింద్రాబాదువరకు దాదాపు 190 కిలోమీటర్ల పెద్దపట్టాల మార్గము నిర్మింపబడి, 1874 అక్టోబరులో రాకపోకలకు తెరువబడెను. సైన్యమునకు కావలసిన దారికి ఖర్చు మాత్రము నిజాం ఖజానాదే. అనగా, పల్లెటూరి రైతు శిస్తుగా చెల్లించిన ధాన్యమే ఆ పట్టాలుగా పరిణమించినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఈ సంగతిని ఆనాడే పసిగట్టి ప్రశ్నించినవారు లేకపోలేదు. 1883లో లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడి, మూలధనముపై ఇరువదేండ్లపాటు నూటికి ఐదు వంతున నిజాం ప్రభుత్వము హామీ ఇయ్యవలెనని నిర్ణయమైనప్పుడు, చాందా రైల్వే పథకమని పేరుపడిన ఈ యేర్పాటులోని లాభనష్టములు ప్రజలకు తెలుపుడని హైదరాబాదు పురప్రముఖులు కొందరు అడిగిరి. వారిలో అగ్రగణ్యుడు కళాశాల ప్రధానాచార్యుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. అడిగినందుకు ఆయన కొలువు పోయెను, రాజ్యబహిష్కారము సైతము ప్రాప్తించెను. పిమ్మట మరలివచ్చెను. ఆయన కుమార్తెయే సరోజినీ నాయుడు. ఈ యింటివారికిని లింగంపల్లి రైలుదారికిని మరల ఎట్లు ముడిపడెనో ముందు చూడవచ్చును.

---

▣ పెట్టెలో: ఇనుపదారి తిథులు

- 1874: వాడి–సికింద్రాబాదు మార్గము ప్రారంభము.
- 1889: సికింద్రాబాదునుండి వరంగల్లు మీదుగా వచ్చిన రైలుదారి బెజవాడ చేరినది.
- 1907: నాంపల్లి స్టేషను.
- 1930: కంపెనీ చేతులనుండి రైల్వే నిజాం ప్రభుత్వపరమైనది.
- 1951: నిజాం స్టేట్ రైల్వే మధ్య రైల్వేలో విలీనము.
- 1966 అక్టోబరు 2: సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణమధ్య రైల్వే.
- 2003 ఆగస్టు 9: ఎం.ఎం.టి.ఎస్. ప్రారంభము.

---

స్టేషను చుట్టు చేరిన జనము

ఇదే దశాబ్దులలో ఉత్తర అమెరికాలోని పచ్చికమైదానములలో సైతము రైలుపల్లెలు పుట్టుచుండెను. కాని ఆ పుట్టుక తీరు వేరు. అచ్చట రైలుకంపెనీలకు ప్రభుత్వము లక్షలాది ఎకరములు ధారపోసినది. కంపెనీ కొలతగాండ్రు ఏడెనిమిది మైళ్ళకొక స్టేషను గుర్తించి, ధాన్యపుబండి తోలుకొని వచ్చిన రైతు సూర్యాస్తమయములోపల ఇల్లు చేరునట్లు దూరములు లెక్కించి, కాగితముపై వీధులు గీచి, పేర్లు పెట్టి, పిదప జనమును పిలిచిరి. కెనడాలో ఒక కంపెనీ ఐతే స్టేషన్లకు అక్షరక్రమములో పేర్లు పెట్టుకొనుచు పోయినది. 1862 నాటి చట్టము ప్రకారము అమెరికాలో ఐదేండ్లు నివసించి సాగుచేసినవానికి 160 ఎకరములు దక్కెను. ఆ నేలకు అనాదిగా హక్కుదారులైన ఆదివాసులు తరిమివేయబడిరి.

మనయెడ ఊరు ముందు, రైలు వెనుక. లింగంపల్లి అప్పటికే కలదు. రైలు దాని పొలిమేరను ఒరసికొని పోయెను. ఊరికి నడుమ బొడ్రాయి ఉండగా, స్టేషను వైపున మరియొక చిన్న ఊరు అల్లుకొనెను. ఇట్టి స్టేషన్లన్నిట తొలి వలసదారులు రైల్వే మనుషులే. ఏ తాలూకానుండి వచ్చిరో, ఏ భాష మాటాడిరో తెలియని స్టేషనుమాస్టరు, జెండా ఊపు పాయింట్స్‌మన్, రాత్రింబవళ్ళు గేటుకాడ కాపలాయుండు గేటుమన్, ఎండలో కంకరకొట్టి కట్టలో దట్టించు గ్యాంగు కూలీలు, సుత్తి భుజాన వేసికొని పట్టాల బిగింపు చావీలను ఒక్కొక్కటిగా పరీక్షించుచు మైళ్ళకొలది నడచు కీమన్, వీరి కుటుంబములు. పిదప వారికి ఉప్పు, పప్పు అమ్ముటకు ఒక కోమటి దుకాణము, చాయ్ కాచువాడు, బండికి ఇరుసు బాగుచేయు వడ్లవాడు వచ్చి చేరిరి.

రైలు పల్లె జీవనమునకు ఒక లయను నేర్పినది. పాసింజరు కూత విని పొద్దెంతయైనదో తెలిసికొనుట వచ్చెను. కూరగాయల గంపలు, పాలకుండలు, కార్తెను బట్టి సీతాఫలములు పట్నపు అంగడికి రైలెక్కసాగెను. ఎగుమతికి గిరాకీ పెరిగిన కొలది చెలకలలో జొన్న పక్కన ఆముదము, వేరుసెనగ చోటుచేసికొనినవి. పంటకు రొక్కము వచ్చుట మంచిదే కాని, ఆ రొక్కముతో పాటు వడ్డీవ్యాపారి లెక్కపుస్తకము సైతము ఊరిలో అడుగుపెట్టెను.

---

▣ పెట్టెలో: అదే దారిలోని చుట్టములు

- వికారాబాదు: దివానుగా పనిచేసిన పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా పేరు మీదుగా వెలసిన ఊరు. అనంతగిరి క్షయ చికిత్సాలయముతో ప్రసిద్ధికెక్కినది.
- తాండూరు: నాపరాతికిని కందికిని నిలయము. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది.
- షాబాదు: వాడికి ఆవల, గుల్బర్గా వైపున్న ఊరు. హైదరాబాదు ఇండ్లలో తరతరములు నడయాడిన షాబాదు బండ పేరు ఈ ఊరిదే.
- లాలాగూడ: 1893లో నెలకొన్న రైల్వే కర్మశాల. రైలుదారులమీది బండ్లకు మరమ్మతు జరుగుచోటు.

---

జాగీరులు పోయినవి, కాగితములు మిగిలినవి

1948 సెప్టెంబరులో పోలీసుచర్యతో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసినది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషను అమలులోనికి వచ్చెను. 1950 కౌలుచట్టము దున్నువానిని రక్షిత కౌలుదారుగా గుర్తించెను. 1954–55లో గ్రామగ్రామమున వ్రాయబడిన కాస్రా పహాణీలో, ఏ సర్వేనంబరులో ఎవరు కబ్జాలో ఉన్నారో, ఏ పైరు వేసిరో తొలిసారి సవిస్తరముగా నమోదైనది.

ఈ పత్రములకు నేడు కలిగిన ప్రాముఖ్యము నాటి పట్వారీ కలలోనైనను ఊహించియుండడు. పాయిగా ఆస్తులను గూర్చి సి.ఎస్. 14 ఆఫ్ 1958 అను పేర ప్రసిద్ధమైన దావా తరములు దాటి నడచినది. హఫీజుపేట భూముల తగవులు దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినవి. ఒక్క గుంట నేలకై న్యాయవాదులు సేత్వారును, పహాణీని భూతద్దము పెట్టి చదువుదురు. అదే పహాణీలో కబ్జాదారుగా పేరుపడిన పేదవాడు ఎట్లు బ్రదికెనో, ఎప్పుడు ఎంతకు అమ్ముకొనెనో, వాని మనుమడు ఇప్పుడెచ్చట ఆటో నడుపుచున్నాడో చదువుటకు పుస్తకము లేదు. నేల చరిత్ర కోర్టులలో భద్రముగా ఉన్నది. నేలమీది మనిషి చరిత్ర గాలికి పోయినది.

కర్మాగారము, విశ్వవిద్యాలయము

రెండవ వలస 1960వ దశకమున వచ్చెను. లింగంపల్లిని ఆనుకొని రామచంద్రాపురములో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారమును, దాని ఉద్యోగుల పట్టణమును వెలయుటతో, తెలుగు, తమిళ, మలయాళ, హిందీ కుటుంబములు ఒక్క వీధిలో పండుగలు చేసికొనసాగెను. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ నెలకొని, జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పైర్లమీద పరిశోధన ప్రారంభించినది. లింగంపల్లి చెలకలలో తాతలనాడు పండిన పంటలనే లోకమంతటి శాస్త్రజ్ఞులు ఆ పొరుగూరికి వచ్చి అధ్యయనము చేసిరి.

తెలంగాణ, ఆంధ్ర ఉద్యమముల అనంతరము 1973లో కుదిరిన ఆరుసూత్రముల పథకము ఫలముగా, 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము జన్మించెను. దాని తొలి నివాసము నగరములోని గోల్డెన్ థ్రెషోల్డ్ భవనము, అనగా సరోజినీ నాయుడు గృహము. ఆ యింటిలో మొదలైన విద్యాలయము పిదప లింగంపల్లి–గచ్చిబౌలి నడుమ సుమారు 2,300 ఎకరముల కంచకు తరలినది. రైలుపథకమును ప్రశ్నించి బహిష్కృతుడైన తండ్రి, ఆ రైలుదారి పక్కనే వెలసిన విద్యాలయమునకు తొలి ఆశ్రయమైన కుమార్తె యిల్లు. మన చరిత్రలోని ఈ ముడిని పిల్లలకు పాఠముగా చెప్పవలసియున్నది.

సైబర్ టవర్స్ నాటి వలస

1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన పిమ్మట జరిగినదంతయు కండ్లముందటిదే. 2003లో సైబరాబాదు పోలీసు కమిషనరేటు, అదే యేట ఎం.ఎం.టి.ఎస్., పాత పట్టాలమీద హైటెక్ సిటీ అను క్రొత్త పేరుతో ఒక స్టేషను వచ్చినవి. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ మహానగరములో కలిసినది. 2023 ఎన్నికలనాటికి శేరిలింగంపల్లి శాసనసభ నియోజకవర్గములో 7 లక్షలకు పైబడి ఓటర్లు కలరు. రాష్ట్రములో అంతకంటె పెద్ద నియోజకవర్గము లేదు.

ఈ మూడవ వలసలో అద్దములమేడలలో పనిచేయువారిని గూర్చి పత్రికలు వ్రాసినవి, చలనచిత్రములు తీసినవి. ఆ మేడలను కట్టినవారిని గూర్చి వ్రాసినది అత్యల్పము. దేశమందలి ఆనకట్టలకు మట్టిమోసిన పాలమూరు కూలీలు, శ్రీకాకుళపు తాపీపనివారు, ఒడిశా, బీహారు, బెంగాలునుండి వచ్చి రేకులషెడ్లలో తలదాచుకొన్న యువకులు, వీరి పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. 1874లో కట్ట వేసిన కూలీల పేర్లు సైతము లేవు.

మూలవాసులు ఏమైరి? మాదాపూరు, కొత్తగూడ, కొండాపూరు, నానక్‌రాంగూడ గ్రామకంఠములు నేటికిని మేడల నడుమ ఇరుకుసందులుగా మిగిలియున్నవి. ఆషాఢశ్రావణములలో బోనము లేచుచున్నది. ముందుగా అమ్ముకొన్నవారు స్వల్పధనముతో ముగించిరి, ఆగగలిగినవారు శ్రీమంతులైరి, భూమియే లేని కూలివారు, చాకలి, మంగలి, మాదిగ కుటుంబములు అమ్ముకొనుటకు ఏమియు లేక అద్దె యిండ్లవారైరి. చెరువులు కుంచించుకొనిపోయినవి. 2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల చెట్లపై యంత్రములు సాగినప్పుడు విద్యార్థులు అడ్డుపడిరి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలిపివేసినది. ఆ తగవులో రెండుపక్షములును సర్వేనంబర్లు, ఉత్తర్వులు, నెమళ్ళు, జింకలను గూర్చి మాటాడినవి. ఆ కంచలో తరములపాటు మేకలు మేపుకొన్న పల్లెలవారి మాట అరుదుగా వినబడినది.

కైఫీయత్తు వ్రాయువారెవరు?

అమెరికా మైదానములలోని మిక్కిలి చిన్న రైలుపల్లెకు సైతము నూరేండ్ల పండుగనాడు అచ్చువేసికొన్న ఒక పుస్తకము ఉండును. తొలి కాపు ఎవరు, తొలి బడి ఎప్పుడు తెరచిరి, ఏ కరవులో ఎందరు ఊరువిడిచిరి, అన్నియు అందులో కలవు. అంతకంటె ఎన్నో తరముల పాతదైన మన లింగంపల్లికి అట్టి పుస్తకము లేకుండుట మనకు గౌరవము కాదు.

మనకు ఈ విద్య తెలియనిది కాదు. రెండువందల యేండ్ల క్రిందట కర్నల్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగు సహాయకులతో ఊరూర తిరిగించి, కరణముల నోట, వృద్ధుల నోట వినినదానిని కైఫీయత్తులుగా వ్రాయించెను. చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడి ఎవరు కట్టించిరి, ఏ కులమువారు ఎప్పుడు వచ్చిరి, అన్నియు వానిలో చేరినవి. నేడు తెలుగు పల్లెల చరిత్ర వ్రాయువారికి అవియే తొలి ఆకరములు. సైబరాబాదు గ్రామములకు అట్టి కైఫీయత్తులు ఇప్పుడు వ్రాయబడవలెను. నిజాం కాలపు పల్లెను చూచినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే మిగిలియున్నారు. ఇంకొక పదేండ్లు ఉపేక్షించినచో అడుగుటకు మనుషులుండరు.

---

▣ పెట్టెలో: మీ ఊరి కైఫీయత్తు

- ఊరి బొడ్రాయి, గుడి, అషూర్ఖానా, శ్మశానములు, వాని చోటు, వాని కథ.
- చెరువు, కుంట, వాగు: పేరు, ఆయకట్టు, ఎప్పుడు పూడినది.
- వలసవచ్చిన కుటుంబము: ఏ ఊరినుండి, ఏ యేట, ఏ పనికై.
- పాత పహాణీ, పన్ను రసీదు, పెండ్లిపత్రిక, బడి ఛాయాచిత్రము: ప్రతిని భద్రపరచుట.
- రైల్వే, కర్మాగార, నిర్మాణ కార్మికుల అనుభవములు, వారి సొంతమాటలలో.

---

2023 ఆగస్టులో అమృత్ భారత్ పథకము క్రింద పునర్నిర్మాణమునకు శంకుస్థాపన జరిగిన స్టేషన్లలో లింగంపల్లి, హఫీజుపేట, హైటెక్ సిటీ మూడును కలవు. ఎస్కలేటర్లు, విశాలమైన వేచియుండు గదులు రానిండు, స్వాగతమే. ఆ గోడలమీద ఒక గోడను మాత్రము ఊరికి విడువుడని రైల్వేవారిని కోరుచున్నాము. ఆ గోడమీద 1874 నాటి దారి పటము, చెరువుల పేర్లు, పల్లెల పేర్లు, వలసల కథ వ్రాయింపుడు. రైలుదారి పొడవున విశ్వవిద్యాలయమున్నది. అందలి చరిత్రశాఖ విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రామకంఠమును తీసికొన్నచో, రెండు మూడేండ్లలో ఈ ప్రాంతమంతటికి చరిత్ర సిద్ధమగును.

ఎకరమునకు 177 కోట్లు రాబట్టుకొన్న ప్రభుత్వమునకు, ఆ నేలమీద బ్రదికినవారి చరిత్ర వ్రాయించుటకు ధనము లేదనుట చెల్లదు. చదువరులారా, మీరు కొండాపూరు మూలవాసులైనను, నిన్న రైలుదిగిన క్రొత్తవారైనను, మీ వీధిలోని మిక్కిలి పెద్దవయసువారి యొద్దకు ఈ ఆదివారమే పోయి కూర్చుండుడు, అడుగుడు, వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసియుంచుడు.